మైకులో వినపడని ఎడమ చెయ్యి

నవమి పందిట్లోనో, కార్తీకమాసం శివాలయ మండపంలోనో ఈసారి భజనకు వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. మృదంగం వాయించేవారి ఎదురుగా కూచుని, కళ్ళు ఆయన చేతుల మీద పెట్టి, చెవులు మాత్రం స్పీకరు బాక్సుకి అప్పగించండి. కుడిచెయ్యి చేసే ప్రతి పనీ వినపడుతుంది. వేళ్ళు నడుమనున్న నల్లటి కరణి మీద ఆడే ఒక్కో దెబ్బా విడివిడిగా వచ్చి చెవిన పడుతుంది. ఎడమచెయ్యి కూడా లేస్తోంది, పడుతోంది, తొప్పి మీద మణికట్టు ఆన్చి ముందుకు జారుతోంది. అదంతా కంటికి కనపడుతుందే గాని చెవికి అందదు. గుండ్రంగా, నిండుగా రావలసిన ఆ 'తోం' బాక్సులోంచి పొడి చప్పుడై వస్తుంది, లేదా అసలే రాదు. మైకు కట్టేసి వాయించమనండి, మళ్ళీ వినపడుతుంది.

ఈ నెల కబుర్లు ఆ తప్పిపోయిన 'తోం' గురించీ, దాన్ని వెనక్కి తెచ్చే బేస్ బాక్సు గురించీ. బేస్ బాక్సు అనగానే మీలో కొందరు మొహం చిట్లించి ఉంటారు. ఊరేగింపు వెనకాల ట్రాక్టరు మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన డబ్బాలు, గడగడలాడే కిటికీ అద్దాలు, గుండె పట్టుకుని కూచున్న ఇంట్లోని పెద్దాయన, ఇవన్నీ గుర్తొచ్చి ఉంటాయి. వాటి సంగతి కూడా చెప్పుకుందాం, దాటెయ్యను. అయితే నేను చెప్పబోయేది ఆ మోత కాదు. భజన సమాజం వాళ్ళు ఆటోలో వేసుకుని వెళ్ళే చిన్న మైకుసెట్టు పక్కన ఇంకొక్క పెట్టె చేర్చడం గురించి. నా నమ్మకం ముందే చెప్పేస్తున్నాను: ఆ రెండో పెట్టె వల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది మృదంగం కాదు, పాడేవారి గొంతు. ఎలాగో వినండి.

ఒకప్పుడు మైకుసెట్టంటే చెట్టుకో స్తంభానికో కట్టిన బాకాలు, కింద బల్ల మీద అహూజా యాంప్లిఫయరు, దాని పక్కన కారు బ్యాటరీ. 1940 నుంచీ ఉన్న కంపెనీ అది. మన పల్లెల్లో మైకుకీ ఆ పేరుకీ తేడా తెలియని వాళ్ళు కూడా ఉండేవారు. ఇప్పుడు అంతా ఒకే పెట్టెలోకి వచ్చేసింది. కింద చక్రాలు, పైన లాగుడు పిడి, లోపలే బ్యాటరీ, లోపలే యాంప్లిఫయరు, వైర్లు లేని రెండు మైకులు, ఫోను కలుపుకోవడానికి బ్లూటూత్. ఎనిమిదో పదో పన్నెండో అంగుళాల స్పీకరు ఒకటి, దాని పైన చిన్న ట్వీటరు. బడిలో జెండా వందనానికీ, అపార్టుమెంటులో బతుకమ్మకీ, సత్సంగానికీ, చిన్న పెళ్ళికీ అదే. ఒక్క మనిషి లాక్కుపోతాడు. మైకు అద్దెకు తెచ్చుకోలేని చిన్న భజన బృందాలకు ఈ పెట్టె చేసిన మేలు తక్కువది కాదు.

పాత బాకాని తక్కువ చెయ్యనక్కర్లేదు. దాంట్లో మాట రెండు పొలాల అవతలికి కూడా తేటగా వెళ్ళేది. కింది స్వరాలు బాకా పలకదు. మాటకు కావలసిన మధ్య స్వరాలనే పట్టి దూరానికి విసురుతుంది. మృదంగం ఎడమ అందులో ఎలాగూ ఉండదు, ఉండాలని ఎవరూ అడగలేదు. కొత్త పెట్టె అలా కాదు, అన్నీ నేనే పలుకుతానంటుంది. చిక్కంతా అక్కడ మొదలైంది.

శబ్దమంటే గాలి కదలికే కదా. వెయ్యి హెర్ట్జ్ స్వరానికి తరంగం పొడవు 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్‌కి వచ్చేసరికి అది దాదాపు మూడున్నర మీటర్లు, 50కి ఏడు మీటర్లకు కాస్త తక్కువ. అంత పొడుగు తరంగం లేవాలంటే బోలెడంత గాలిని తొయ్యాలి. స్పీకరు కోను అదే గట్టితనంతో ఒక స్థాయి కిందికి దిగాలంటే, అంటే 200 హెర్ట్జ్ నుంచి 100కి దిగాలంటే, ముందుకీ వెనక్కీ నాలుగింతలు ఊగాలి. ఇంకో స్థాయి దిగి 50కి వస్తే పదహారింతలు. ఎనిమిది అంగుళాల కోను ఎంతని ఊగుతుంది? దాని వెనకున్న తీగచుట్ట అయస్కాంతం గూట్లోంచి బయటికి వచ్చేస్తుంది. పదిహేను అంగుళాల కోనుకి వైశాల్యం మూడున్నర రెట్లు ఎక్కువ కాబట్టి కొంచెం ఊగితే చాలు. బేస్ పెట్టె పెద్దదిగా ఉండేది ఆర్భాటానికి కాదు, ఈ లెక్క వల్ల.

లెక్కల్లో ఉండగానే ఇంకొకటి. పెట్టె మీద అంటించిన వేల వాట్ల అంకె చూసి మురిసిపోకండి. 'పీఎంపీవో' అని రాసి ఉంటే ఆ అంకెను వదిలేసి 'ఆర్ఎంఎస్' అన్న అంకె కోసం వెతకండి. అది దొరికాక కూడా, వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపు గట్టిగా తోచాలంటే సుమారు 10 డెసిబెళ్ళు పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. కాబట్టి ఉన్న పెట్టెనే ఇంకా పెంచి 'తోం' రప్పిద్దామనుకుంటే జరిగే పని కాదు.

"అదేమిటి, నా ఫోనులో కూడా మృదంగం మృదంగంలాగే వినిపిస్తుందిగా" అంటారు మీరు. నిజమే, వినిపిస్తుంది. ఫోను స్పీకరు ఆ కింది స్వరాన్ని పలకలేదు, కానీ దానితో కలిసి పైన మోగే అనుస్వరాల్ని పలుకుతుంది. మన మెదడు ఆ అనుస్వరాల మధ్య ఉన్న లెక్కను పట్టుకుని, లేని ఆధార స్వరాన్ని తనే పూరించుకుంటుంది. అందువల్ల వాద్యాన్ని గుర్తుపట్టగలుగుతాం. గుర్తుపట్టడం వేరు, ఒంటికి తగిలేట్టు వినడం వేరు.

మృదంగం విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. మామూలు చర్మవాద్యాల అనుస్వరాలు ఒక వరసలో ఉండవు, అందుకే వాటిలో శ్రుతి తేలదు. మన మృదంగానికీ తబలాకీ కుడివైపు నడుమ ఉన్న నల్లటి పూత ఆ అనుస్వరాల్ని వరసలోకి తెస్తుందని సి.వి.రామన్, శివకాళి కుమార్ కలిసి 1920లో నేచర్ పత్రికలో రాశారు. రామన్ విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగినవారు కాబట్టి ఈ మాట చెప్పుకోవడం నాకు మరీ ఇష్టం. ఆ వరస కుదిరిన నాదం పైపైకి పరుచుకుని ఉంటుంది, చిన్న పెట్టె కూడా దాన్ని మోసుకొస్తుంది. ఎడమవైపు కథ వేరు. అక్కడ రవ్వముద్ద అంటించేది చర్మాన్ని బరువెక్కించి స్వరాన్ని కిందికి దింపడానికే. ఆ 'తోం' బలమంతా 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది. చిన్న పెట్టె చేతులెత్తేసేది సరిగ్గా ఆ చోటే.

దీనికి తోడు మన చెవి పక్షపాతం ఒకటుంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించినదేమిటంటే, శబ్దం నెమ్మదిగా ఉన్నప్పుడు చెవికి కింది స్వరాలు మిగతావాటికంటే చాలా తక్కువగా ఆనుతాయి. మోత తగ్గించి, హాయిగా వినదగ్గ స్థాయిలో భజన పెట్టుకుంటే మొదట మాయమయ్యేది ఎడమచెయ్యే. పెద్ద మోత వద్దనుకునే మర్యాదస్తులకే బేస్ బాక్సు అవసరం ఎక్కువ అని నేననడానికి ఇదొక కారణం.

ఇక అసలు విషయానికి, గొంతు దగ్గరికి వద్దాం.

మృదంగం మాష్టారు మిక్సరు దగ్గర కూచున్న కుర్రాడితో "బాబూ, ఎడమ కొంచెం రానీ" అంటారు. కుర్రాడు బేస్ మర తిప్పుతాడు. ఇంకొంచెం తిప్పుతాడు. అప్పుడు పెట్టెలో ఉన్న ఆ ఒక్క కోను మృదంగం కోసం పెద్దపెద్ద ఊపులు ఊగుతూ, అదే సమయంలో గొంతులోని సన్నటి పలుకులన్నీ చెక్కాలి. పసిపిల్లను చంకలో ఎగరేస్తూ ముగ్గు పెట్టినట్టు ఉంటుంది దాని అవస్థ. చెయ్యి మంచిదే, గీత మాత్రం వణుకుతుంది. 'శ'కీ 'స'కీ తేడా పోతుంది, గమకం మసకబారుతుంది. ఇంకొక సంగతి, ఈ పెట్టెల్లో స్పీకరు కాలిపోకుండా లిమిటరు అనే కాపలా ఉంటుంది. పెద్ద దెబ్బ రాగానే అది మొత్తం శబ్దాన్ని ఒక్క క్షణం తగ్గిస్తుంది. ఆ తగ్గింపులో మృదంగంతోపాటు పాట కూడా నొక్కుకుపోతుంది. చెవి పెట్టి వినండి, ప్రతి 'తోం' దగ్గరా పాడేవారి అక్షరం ఒకటి మునుగుతుంది. పాపం, పాడే ఆవిడ తన గొంతు పూడుకుపోయిందనుకుని ఇంకాస్త గట్టిగా పాడుతుంది. పూర్తయ్యేసరికి నిజంగానే గొంతు బొంగురుపోతుంది.

బేస్ బాక్సు తెచ్చి 100 హెర్ట్జ్ కింది భాగమంతా దానికిచ్చి, పాత పెట్టెలోంచి ఆ భాగాన్ని తీసేస్తే ఈ బాధ తీరుతుంది. ఇక్కడ రెండు పనులున్నాయి, గమనించారా? ఇవ్వడం ఒకటి, తీసెయ్యడం ఒకటి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. కొత్త పెట్టె గుమ్మంటూ ఉంటుంది, పాత పెట్టె పాత అవస్థే పడుతూ ఉంటుంది, పాట ఇంకా కిందికి మునుగుతుంది. 'బేస్ పెట్టాక మాట వినపడటం మానేసింది' అని చెప్పేవాళ్ళందరి దగ్గరా నాకు కనిపించింది ఇదే.

వంద దగ్గరే ఎందుకు కొయ్యాలి? మన శ్రుతులే సమాధానం చెబుతాయి. ఒకటి శ్రుతిలో పాడే మగవారి ఆధార షడ్జం సుమారు 131 హెర్ట్జ్. మంద్ర పంచమానికి దిగితే 98. ఐదు శ్రుతిలో పాడే ఆడవారి షడ్జం 196. అంటే వంద దగ్గర గీత గీస్తే గొంతు దాదాపు మొత్తం పైపెట్టెలోనే ఉంటుంది, ఎడమచేతి బలం కింది పెట్టెకు చేరుతుంది. పైది పన్నెండు అంగుళాల మంచి పెట్టె అయితే గీతను 80కి దించుకోవచ్చు. నూట యాభై పైకి మాత్రం పోనివ్వకండి. అంత పైకి జరిపితే మగగొంతు సగం నేల మీంచీ సగం పైనుంచీ వచ్చి, పాడేమనిషి రెండు చోట్ల ఉన్నట్టు తోస్తుంది. వందకి దిగువ స్వరాలు ఏ దిక్కునుంచి వస్తున్నాయో చెవి సరిగా పోల్చుకోలేదు. అందుకే బేస్ పెట్టె జంటగా అక్కర్లేదు, ఒకటి చాలు.

వైర్లు కలిపే తీరు మీ దగ్గరున్న సెట్టును బట్టి ఉంటుంది. విడిగా మిక్సరూ, కర్ర మీద పెట్టే స్పీకర్లూ ఉంటే పని తేలిక. మిక్సరులోంచి వచ్చే తీగ ముందు బేస్ బాక్సుకి వెళ్ళాలి. సొంత యాంప్లిఫయరు ఉన్న బేస్ బాక్సుల్లో చాలావాటికి వెనక ఒక అవుట్‌పుట్ ఉంటుంది, కింది స్వరాలు వడగట్టేసి మిగతావి పైకి పంపేది. అక్కణ్ణించి పైపెట్టెకి.

చక్రాల పెట్టె అయితే కొంచెం ఆలోచించాలి. దాని వెనక 'లైన్ అవుట్' ఉంది కదా అని అందులోంచి తీగ లాగి బేస్ బాక్సుకిస్తారు. ఇవ్వడం అయింది గాని తీసెయ్యడం కాలేదు, చక్రాల పెట్టె తన బరువు తనే మోస్తోంది. నేనైతే మూడు వేళ్ళ మందం చిన్న మిక్సరొకటి మధ్యలో పెట్టమంటాను. మైకులన్నీ ఆ మిక్సరుకి, మిక్సరు నుంచి బేస్ బాక్సుకి, అందులో వడగట్టినది చక్రాల పెట్టె 'లైన్ ఇన్'కి. అప్పుడు చక్రాల పెట్టె పాటకే మిగులుతుంది. ఆ మిక్సరు మీద ప్రతి మైకు దగ్గరా 'లో కట్' అని మీట ఉంటే పాడేవారి మైకులకి నొక్కండి. గొంతుతోపాటు వచ్చే ఊపిరి ధబధబలూ, స్టాండు తన్నిన చప్పుళ్ళూ, ఫ్యాను గాలీ బేస్ బాక్సులోకి పోకుండా ఆగుతాయి. మృదంగం ఎడమ మైకుకి మాత్రం నొక్కకండి. ఆ మైకును తొప్పికి ఒక జానెడు దూరంలో పెట్టండి. మరీ ఆనించి పెడితే లేని గుమ్ము వస్తుంది, దగ్గరకొచ్చేకొద్దీ కింది స్వరాల్ని పెంచి చూపించే గుణం చాలా మైకులకుంది.

బేస్ బాక్సుని ఎక్కడ పెట్టాలన్నది తీగలకంటే పెద్ద విషయం. వేదిక మీద పెట్టకండి. చెక్కపలకల వేదికలు లోపల డొల్ల, వాటి మీద ఈ పెట్టె పెడితే వేదికంతా మోగి ఆ మోత మళ్ళీ మైకుల్లోకి వెళుతుంది. వేదిక ముందు, నేల మీద పెట్టండి. గోడ దగ్గరైతే గోడకు ఆనించండి, లేకపోతే దూరంగా జరపండి, మధ్యస్థంగా ఉంచొద్దు. పెట్టె ముఖం గోడకు ఒక మీటరు దూరంలో ఉంటే గోడ నుంచి తిరిగొచ్చే తరంగం 86 హెర్ట్జ్ దగ్గర ఎదురుపడి అసలు తరంగాన్ని చంపేస్తుంది. మృదంగం ఎడమకి కావలసిన చోటే గొయ్యి పడుతుందన్నమాట. గోడకి ఆనిస్తే ఆ బెడద ఉండదు, పైగా గోడే సాయపడి శబ్దం పెరుగుతుంది.

చాలా బేస్ బాక్సుల నెత్తిన 35 మిల్లీమీటర్ల కర్ర దూర్చే గుంట ఉంటుంది. పైపెట్టెని ఆ కర్ర మీదే నిలబెట్టగలిగితే అంతకంటే మంచి ఏర్పాటు లేదు. రెండూ ఒకే చోటనుంచి పలుకుతాయి కాబట్టి వినేవారికి దూరం ఇంచుమించు సమానం. రెంటినీ చెరోచోట పెట్టాల్సివస్తే ఒక జాగ్రత్త కావాలి. రెంటి నుంచీ మీ చెవికున్న దూరాల్లో 1.7 మీటర్ల తేడా వస్తే 100 హెర్ట్జ్ దగ్గర ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంది, నాదం ఖాళీ అయిపోతుంది. పెట్టె వెనక '0, 180' అని మీట ఉండేది దీనికోసమే. ఫోనులో 100 హెర్ట్జ్ స్వరం ఒకటి వేసి, జనం కూచునేచోట నడుమ నిలబడి, మీటను అటూ ఇటూ మార్పించండి. ఎటువైపు ఉంటే ఎక్కువ వినపడిందో అటే ఉంచెయ్యండి.

ఆరుబయట షామియానా కిందైతే తిరిగివచ్చే గోడలు లేవు, బేస్ ఎటో వెళ్ళిపోతుంది, కొంచెం ఎక్కువే పెట్టుకోవాలి. కాంక్రీటు ఫంక్షన్ హాల్లో తీరు వేరు. అక్కడ ఒక మూల గుమ్మని చెవులు మూసుకుపోతాయి, నాలుగడుగులు ఇవతలికి వస్తే ఏమీ ఉండదు. సర్దేమనిషి మిక్సరు దగ్గరే కూచోకుండా హాలంతా తిరిగి వినాలి. ఖాళీ హాల్లో ఒకలా, జనం నిండాక మరోలా ఉంటుంది కాబట్టి మొదటి కీర్తన అయ్యాక మళ్ళీ తిరగాలి.

ఎంత పెట్టాలి అని అడుగుతారు అందరూ. పాట నడుస్తుండగా బేస్ బాక్సుని కట్టెయ్యండి. 'అరె, ఏదో పోయింది' అనిపించాలి. మళ్ళీ వేస్తే, బేస్ బాక్సు మోగుతోందన్న ధ్యాస రాకూడదు, మృదంగం వాయిస్తున్నారన్న ధ్యాసే రావాలి. అదీ కొలత. బుర్రకథకైతే అంతకంటే ఒక పిసరు తగ్గిస్తాను. షేక్ నాజర్ గారు (1920-1997) ఊరూరా నిలబెట్టిన ఆ కళలో కథకుడి మాటకి వంతలిద్దరి గుమ్మెటలు ఊతం. గుమ్మెట లోపలి గాలి చేసే ఆ బరువైన చప్పుడు వినపడకపోతే కథకి ఉరుకు రాదు, ఎక్కువైతే మాట పోతుంది. ఆదిభట్ల నారాయణదాసు గారి (1864-1945) తరంలో హరికథ మైకు లేకుండా పెరిగింది. గొంతుకీ మృదంగానికీ తూకం వేదిక మీదున్నవాళ్ళే చూసుకునేవారు. ఇప్పుడా తూకం మిక్సరు దగ్గరున్న కుర్రాడి చేతికొచ్చింది. కాబట్టి అతనికి పాట తెలియాలి, కనీసం పాట వినే అలవాటుండాలి. కార్యక్రమం ముందు అతనికో కుర్చీ, కాస్త కాఫీ, వాయించేవారితో కూచుని మాట్లాడుకునే తీరిక ఇవ్వండి. మన సభల్లో అతన్ని పేరు పెట్టి పలకరించేవారు కూడా తక్కువ.

కరెంటు సంగతి చెప్పకుండా వదలకూడదు. రెండు పెట్టెల్ని రెండు గోడల ప్లగ్గుల్లో పెడితే 'హుమ్' అని సన్నటి మోత మొదలవుతుంది. ఎర్తులు రెండు దారుల్లో కలిసినందువల్ల వచ్చే మోత అది. రెంటినీ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే చాలావరకు పోతుంది. దాన్ని పోగొట్టడానికి ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను విరిచేసే అలవాటు చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ పని ఎవర్నీ చెయ్యనివ్వకండి. గుడిలో కడిగిన తడినేల, పాదాలకి చెప్పులుండవు, చేతిలో ఇనుప మైకు. పెట్టెలో లోపం వస్తే కరెంటు పోయేదారి ఆ పాడే మనిషే అవుతుంది. ఇంకో సంగతి, బేస్ బాక్సుకి సాధారణంగా బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే అది ఆగుతుంది, దాని గుండా పైకి వెళ్ళే పాట కూడా చాలా పెట్టెల్లో ఆగిపోతుంది. చక్రాల పెట్టెతో వచ్చిన వైర్లు లేని మైకొకటి నేరుగా దానికే కలిపి పక్కన పెట్టుకుంటే ఆ పూటకి కీర్తన తెగదు.

ఇక ట్రాక్టరు మీది డబ్బాల సంగతి. కింది స్వరాలు గోడల్ని దాటినంత సులువుగా పై స్వరాలు దాటలేవు. పక్కింటివారికి మన పాట వినపడదు, దడదడ మాత్రం వెళుతుంది. పైగా శబ్దాన్ని మామూలుగా కొలిచే 'ఏ' తూకపు డెసిబెల్ లెక్కలో 50 హెర్ట్జ్ శబ్దానికి 30 డెసిబెళ్ళు తగ్గించే చూస్తారు. కాబట్టి మీటరు మంచిదేనన్నా మంచంలో ఉన్న రోగి గుండె అదురుతూ ఉండొచ్చు. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు నిషేధం. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అది సబబే అని నా అభిప్రాయం. సంగీతం కోసం బేస్ కావాలనుకునే మనమే ఈ విషయంలో అందరికంటే గట్టిగా ఉండాలి. పందిరి చివరి వరస దాటి మన బేస్ వెళ్ళనక్కర్లేదు. తొమ్మిదిన్నరకే బేస్ బాక్సు కట్టేసి, చివరి మంగళహారతి పైపెట్టెతోనే ముగించే భజన సమాజాలు ఉన్నాయి. వారి పద్ధతి నాకు నచ్చింది.

కొనడమా, అద్దెకా? ముందు అద్దెకే. పన్నెండు అంగుళాల చెక్కపెట్టె ఇరవై కిలోలు దాటుతుంది, పదిహేనుదైతే ముప్పై పైమాటే. మెట్లెక్కించేదెవరో ముందే అనుకోండి. నలభై యాభైమంది కూచునే మండపానికి సొంత యాంప్లిఫయరున్న పన్నెండు అంగుళాలదొకటి సరిపోతుంది. మొత్తం కొత్తగా కొనే ఆలోచనలో ఉంటే సన్నటి స్తంభంలాంటి సెట్లు కూడా చూడండి. బోస్ కంపెనీ 2003లో ఎల్1 అని తెచ్చినప్పుడు స్తంభంలో వరసగా చిన్న స్పీకర్లు పెట్టి, బేస్ పెట్టెని విడిగా కింద పెట్టింది. ఇప్పుడు చాలా కంపెనీలు అదే తీరున చేస్తున్నాయి. ప్లాస్టిక్ బేస్ పెట్టెలు తేలికే గాని గట్టిగా వాయిస్తే గోడలు అదిరి తమ చప్పుడు తామే కలుపుతాయి. బరువైనా చెక్కదే తీసుకోండి.

అద్దెకు తెచ్చుకునే రోజున సామాను సాయంత్రం ఆరింటికి కాకుండా నాలుగింటికే దించమని చెప్పండి. మృదంగం వాయించేవారినీ, పాడేవారినీ ఒక అరగంట ముందు రమ్మనండి. ఎడమచెయ్యి వచ్చిందో లేదో తేల్చవలసింది మృదంగం మాష్టారు. మాట తేటగా ఉందో లేదో తేల్చవలసింది మాత్రం చివరి వరసలో కూచునే పెద్దవారు. అక్కడ ఒకరిని కూచోబెట్టి ఒక చరణం పాడించండి. జనం వచ్చి పాట మొదలయ్యాక ఈ పనికి వ్యవధి ఉండదు.